వీధి వైపు నుంచి చూసిన మా ప్రహరీ

విజయనగరం కంటోన్మెంటులో మా నాన్నగారు కట్టించిన ఇంటి ప్రహరీ గోడను నేను ఇరవై ఏళ్లుగా లోపలి నుంచే చూస్తూ వచ్చాను. లోపలి వైపు మందార, నందివర్ధనం గుబురుగా పెరగడం వల్ల గోడ ఎక్కడా కనిపించదు. కనిపించని గోడ బాగానే ఉన్నట్టు లెక్క. కిందటి సంక్రాంతికి ముందు వెల్ల వేయిద్దామని తాపీమేస్త్రి గారిని పిలిస్తే, ఆయన గేటు దాటి లోపలికి రాకుండా ఫుట్‌పాత్ మీదే ఆగిపోయి, గోడకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, దాని పొడవంతా ఒకసారి చూశారు. తరువాత దారానికి కట్టిన ఇత్తడి గుండును గోడ తల మీది నుంచి కిందికి వదిలారు. గుండు ఊగడం మానేసరికి అది గోడ పాదానికి నాలుగు వేళ్ల ఎడంగా నిలిచింది. అంటే గోడ నాలుగు వేళ్ల మేర వీధి మీదికి ఒరిగి ఉన్నదన్న మాట. తాపీ పిడితో తట్టి చూస్తే మోకాలి ఎత్తు వరకూ లోపల ఏమీ లేనట్టు డొల్ల చప్పుడు వచ్చింది.

“ఇది బలమ్మీద నిలబడ్డం లేదు బాబూ, అలవాటు మీద నిలబడిపోనాది” అన్నారాయన.

నేరం గోడది కాదని నాకు అప్పుడే అర్థమైంది. మా వీధి రోడ్డును బాగుచేసిన ప్రతిసారీ పాతదానిని తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ రావడంతో మా పెరడు రోడ్డు కంటే పల్లమైపోయి, వాన కురిస్తే వీధి నీరంతా మా మెట్ల దాకా వచ్చేది. దానికి విరుగుడుగా నేనే ఎర్ర గ్రావెలు తోలించి, వాకిలిని అడుగున్నర ఎత్తు చేయించాను. నాన్నగారు ఆ గోడను మరుగు కోసం కట్టించారు గాని మట్టిని ఆపడానికి కాదు. నాలుగున్నర అంగుళాల మందం, పన్నెండు అడుగులకు ఒక స్తంభం, అంతే. దాని వీపున అడుగున్నర మట్టి పోసి, ఆ మట్టిలోని నీరు బయటికి పోయే తోవ ఒక్కటీ ఉంచకపోవడం వల్ల, ప్రతి వానాకాలంలోనూ తడిసిన మట్టి బరువుతో పాటు నిలిచిన నీటి ఒత్తిడి కూడా దానిని వీధి వైపుకు నెడుతూ వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి ఒక స్తంభం నుంచి మరో స్తంభం దాకా ఉన్న గోడ ముక్క కూలిపోతే, హడావుడిగా పాత ఇటుకల చివరలకు కొత్త ఇటుకలను పట్టు లేకుండా ఆనించి కట్టించాము. ఆ అతుకుల దగ్గర నిలువునా చీలిన బీటలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడితో అయిపోలేదు. వాకిలి ఎత్తు పెరిగాక గేటు లోపలికి తెరుచుకోక, నేల గీరుకుపోయేది. అందువల్ల బందులు మార్పించి దానిని బయటికి, అంటే ఫుట్‌పాత్ మీదికి, తెరిపించాను. కారు ఎక్కడానికి ఆ ఫుట్‌పాత్ మీదే మూడడుగుల సిమెంటు ర్యాంపు కూడా పోయించాను. మురుగు కాలువ మీద పలకలు పరిచి వేసిన ఆ ఫుట్‌పాత్ వెడల్పే నాలుగడుగులు. నేను తీసుకున్నది పోగా జనానికి మిగిలినది ఒక్క అడుగు.

రోజూ సాయంత్రం కోవెలకు వెళ్లే పెద్దావిడ ఒకరు, మేస్త్రిగారు నేను మాట్లాడుకోవడం చూసి కర్ర ఆనించుకుని నిలబడ్డారు. “నాయనా, గోడ మాట తరవాత చూద్దువు గాని, ముందు ఈ గట్టు తీయించీ. మీ ఇంటి కాడికొచ్చీసరికల్లా నేను రోడ్డు మీదకి దిగాల్సొస్తంది” అన్నారు. ఆవిడ దిగవలసిన ఎత్తు ముప్పావు అడుగు. ఆ పక్క నుంచే ఆటోలు పోతుంటాయి. ఇళ్లుండే వీధుల్లో సైతం మనిషి అడ్డు లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతాయి. మా వీధిలో ఆ కొలత ముందునుంచీ లేదు. ఉన్నదానిని కూడా నేనే మింగాను.

కొత్త గోడ ఎలా ఉండాలన్న ప్రశ్న రాగానే బంధువులు ఏడడుగుల ఎత్తు, దాని మీద గాజు పెంకులు అన్నారు. నేను ఒప్పుకోలేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ముందువైపు ప్రహరీ వీధి మధ్యభాగం నుంచి 1.5 మీటర్లకు మించకూడదు, 2.4 మీటర్ల వరకూ లేపాలంటే పైనున్న 0.9 మీటర్లు గాలి, చూపు దూరే కట్టడమై ఉండాలి. నియమం సంగతి అలా ఉంచినా, నిండుగా కట్టిన ఎత్తు గోడ తుపాను గాలికి తెరచాప వంటిది. హుద్‌హుద్ తరువాత నాలుగేళ్లకే, 2018 అక్టోబరు 11న, తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని తాకిన సంగతి ఈ ప్రాంతం వారికి ఒకరు గుర్తు చేయనక్కరలేదు. పైగా ఏడడుగుల గోడ దొంగను ఆపేది ఎక్కే వరకే. ఎక్కి దూకాక వాడిని వీధికి కనబడకుండా కాపాడేదీ అదే.

ముందుగా వాకిట్లోని గ్రావెలు తొమ్మిది ట్రాక్టర్లు ఎత్తించి, ర్యాంపును పగలగొట్టించాము. వీధి నీరు మళ్లీ లోపలికి రాకుండా గేటుకు లోపల, మా స్థలంలోనే, బెత్తెడు ఎత్తు మూపురం పోసి, దాని వెనుక ఇనుప జల్లెడ మూసిన సన్నని కాలువ తవ్వించి ఇంకుడు గుంతకు కలిపాము. గోడకు తూములు పెట్టి నీటిని బయటికి వదలడం తేలికైన పనే గాని, ఆ నీరు పడేది నడిచేవారి కాళ్ల మీద.

గోడను హద్దు గీత మీద గాక తొమ్మిదంగుళాలు లోపలికి జరిపి కట్టించాను. పునాది అడుగున గోడ కంటే వెడల్పుగా ఉంటుంది కాబట్టి, గోడ హద్దు మీదే ఉంటే పునాది అంచు కాలువ కిందికి చొచ్చుకుపోతుంది. గోడ నెత్తిన వేసే రాయి కూడా ఫుట్‌పాత్ మీదికి తోసుకొస్తుంది. ముప్పై ఒక్క చదరపు అడుగుల స్థలం వీధి పాలైందని మా బావగారు ఇప్పటికీ లెక్క చెబుతారు. లెక్క సరైనదే. నల్లరాతి పునాది మీద కాంక్రీటు పట్టీ, దాని పైన మూడున్నర అడుగుల వరకూ తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఆపైన అడుగున్నర ఇనుప గ్రిల్లు, ఎనిమిది అడుగులకొక ఊచల స్తంభం. తలమీద రాళ్లు టెక్కలి వైపు నుంచి వచ్చే నీలి గ్రానైటు ముక్కలు. వాటిని కొద్దిగా లోపలికి వాలేట్టు పరిచి, లోపలి అంచు అడుగున సన్నని గాడి కోయించాము. నీరు రాతిని పట్టుకుని గోడ మీదికి పాకకుండా ఆ గాడి దగ్గరే చుక్కలై రాలిపోతుంది. గేటు మళ్లీ లోపలికే తెరుచుకుంటుంది.

గేటు పక్కన ఆరడుగుల మేర గోడను మరికొంత లోపలికి మళ్లించి, అడుగున్నర ఎత్తున చిన్న అరుగు వేయించాను. మా తాతగారి ఊళ్లో వీధి అరుగు లేని ఇల్లు ఉండేది కాదు. పోకిరీలు చేరతారన్నారు, ఒకటి రెండు రాత్రులు చేరారు కూడా. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడటానికి పల్లెల నుంచి వచ్చినవారు మాత్రం ఆ మంగళవారం తెల్లవారుజాము నుంచే అక్కడ కూర్చుని చద్దిమూటలు విప్పారు.

గేటుకు కుడివైపు స్తంభాన్ని పడగొట్టలేదు. నాన్నగారి పేరు చెక్కిన రాయి దానిలోనే ఉంది. మిగిలిన గోడకు ఉన్నట్టు చెమ్మను ఆపే పట్టీ దాని అడుగున లేకపోవడంతో కాలువ తడి ఇటుకల్లోకి ఎక్కుతూనే ఉంది. ఆ తడి పైకి వచ్చి ఆరేటప్పుడు దానిలోని ఉప్పు పొడిగా తేలి, పూత వెనుక పేరుకుని, పూతనే ఊడగొడుతుంది. గట్టి సిమెంటుతో మూస్తే తడి ఇంకొంచెం పైకెక్కి అక్కడ బయటపడుతుంది. అందుకే సిమెంటు జోలికి పోకుండా తడిని బయటికి వదిలే సున్నపు పూత వేయించాము. వారానికొకసారి పొడి బ్రష్‌తో ఆ తెల్లటి పొడిని దులుపుతున్నాను. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. వచ్చే వేసవి దాకా రంగు ముట్టుకోవద్దని మేస్త్రిగారు గట్టిగా చెప్పి వెళ్లారు. ప్రస్తుతానికి గోడంతా లేత పసుపు రంగులోనూ, ఆ ఒక్క స్తంభం సున్నపు తెలుపులోనూ ఉన్నాయి.