ఇంటి గోడలకు పంట కట్టే ఊరు

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు చాలాకాలంగా పోరుతున్నాడు, వస్తే మే 15కి రా అని. ఆ రోజు కెజోన్ ప్రావిన్స్‌లోని లుక్బాన్‌లో పహియాస్ పండుగ. లుసేనా పట్నం దాకా బస్సు, అక్కణ్నుంచి జీప్నీ, అంటే అక్కడి పొడవాటి షేర్ జీపు. ఊరి మొదట్లోనే బండ్లు ఆపేశారు. అక్కణ్నుంచి నడకే.

రైతులు తమ పునీతుడిగా కొలిచే సాన్ ఇసిద్రోకి కృతజ్ఞత చెప్పుకునే పండుగ ఇది. పూర్వం పంటను చర్చికి మోసుకెళ్లి దీవెన తీసుకునేవారట. చర్చిలో చోటు చాలక ఎవరింటి ముందు వాళ్లు పేర్చుకుంటే, ఫాదరే వీధి వెంట వచ్చి దీవించడం మొదలైందని చెబుతారు. ఊరేగింపు దారి ఏటా మారుతుంది. అందుకే ఈసారి ఏ వీధికి వంతు వచ్చిందో ముందే కనుక్కుని వెళ్లాలి.

ముందుగా కంటపడేది కిపింగ్. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో కిటికీల నుంచి గుత్తులుగా వేలాడే ఆకులు. కాగితాలనుకుంటాం, కానీ అదంతా బియ్యమే! నానబెట్టి రుబ్బిన పిండికి రంగు కలిపి, నిజమైన ఆకు మీద పల్చగా రాసి, ఆవిరి పట్టిస్తారు. ఆరాక ఒలిస్తే ఆకు ఈనెలన్నీ దాని మీద అచ్చుపడి ఉంటాయి. తర్వాత బరువు పెట్టి చదును చేస్తారు. కోనసీమవాణ్ని కదా, నాకు వెంటనే ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చింది. ఇది దానికంటే మందం, పెళుసు. ఒక ఇంటావిడ వేయించి పెట్టింది. పెద్ద రుచేమీ లేదు, వెనిగర్ తగిలితే పర్వాలేదు.

అలంకరణకు పోటీ ఉంది, బహుమతులున్నాయి. దాంతో పెద్ద ఇళ్లు సినిమా సెట్టింగుల్లా తయారయ్యాయి, మధ్యలో కంపెనీల బ్యానర్లు కూడా. నాకు చిన్న ఇళ్లే నచ్చాయి. బొబ్బర్లు, మిరపకాయలు, గుమ్మడికాయలు, వరి కంకులు, ఇంట్లో ఏది పండితే అదే గోడ మీద. పొలం లేనివాళ్లు తమ బతుకుతెరువునే వేలాడదీశారు. టోపీలు అల్లేవాళ్లింటి ముందు టోపీలు, లాంగనీసా అమ్మేవాళ్లింటి ముందు ఆ వెల్లుల్లి సాసేజ్‌ల దండలు! వాటి కింద నిలబడితే వాసనకే ఆకలేసింది.

ఆకలికి పాన్సిత్ హబ్‌హబ్ తిన్నాం. అరిటాకు ముక్కలో నూడుల్స్, పైన వెనిగర్. ఫోర్కు ఇవ్వరు, చేత్తో తినరు, ఆకునే నోటి దగ్గర పెట్టుకుని లాగించాలి. అరిటాకు భోజనం మనకు కొత్తా అని ధీమాగా మొదలుపెట్టాను గానీ, సగం చొక్కా మీదే పడింది. తమ్ముడు మాత్రం ఆకు నాకినంత శుభ్రంగా తినేశాడు.

మధ్యాహ్నానికి బనహావ్ కొండ వైపు మబ్బు పట్టింది. ఇళ్లవాళ్ల మొహాల్లో టెన్షన్ చూడాలి, తడిస్తే కిపింగ్ మెత్తబడిపోతుంది మరి. నాలుగు చినుకులు రాలి వాన ఆగింది. బ్యాండుతో, ఆకాశమంత బొమ్మలతో, పునీతుడి విగ్రహంతో ఊరేగింపు కదిలింది. అది దాటిపోగానే కొందరు గోడల మీది కూరగాయలు తెంపి జనానికి పంచేశారు. మాకూ ఒక బొబ్బరికాయల కట్ట దక్కింది.

అదే రోజు దగ్గర్లోని సరియాయాలో ఇంకో తరహా పండుగ. అక్కడ వెదురు కొమ్మలకు తినుబండారాలు కట్టి, ఊరేగింపు దాటగానే జనం ఎగబడి లాక్కుంటారు. ఆ ట్రాఫిక్‌లో రెండూ చూడాలని మాత్రం ఆశపడకండి. గది కావాలంటే లుసేనాలో ముందే బుక్ చేసుకోండి.