శోధన కొండ మీద ద్వితీయోపదేశకాండము

తాగుడు నుండి ప్రభువు విడిపిస్తే పాలస్తీనాలోని యెరికో పక్కన, అరణ్యంలో ఉపవాసమున్న యేసును సాతాను శోధించిన చోటని చెప్పే శోధన కొండను కాలినడకన ఎక్కి కృతజ్ఞత చెల్లిస్తానని మ్రొక్కుకున్నాను. ఆ మ్రొక్కు ఈ మధ్యనే తీరింది. యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్ల దిగువన ఉంటుంది. ఉదయం పూటే అక్కడి ఎండ నెత్తిమీద నిప్పులు పోస్తుంది. మా బృందం వారు రోప్‌వేలో వెళ్లిపోగా, నేను నడకదారి పట్టి, సగం దారిలో మోకాళ్లు మొరాయించినా కూర్చుంటూ లేస్తూ ఎక్కాను.

కొండచరియను కరచుకొని ఉన్న ఆ గ్రీకు ఆర్థడాక్స్ మఠంలో, యేసు కూర్చున్నాడని చెప్పే రాయి ఒక చిన్న ప్రార్థనాలయంలో ఉంది. సువార్తలు అరణ్యమని చెబుతాయే గాని ఈ కొండ పేరు ఎక్కడా చెప్పవు. రాతికి నుదురు ఆనించే ఆచారం మా సంఘాలలోనూ లేదు. అయినా అంత దూరం వచ్చాక అక్కడ ఒక్క నిమిషం మోకరించాలనిపించింది. జనం మోకరించనిస్తే కదా! ఫోన్లు పైకెత్తినవారు కొందరు, మోచేతులతో తోసుకొచ్చేవారు కొందరు, ఆ ఇరుకులోనే గొంతెత్తి కథ చెప్పే గైడు ఒకరు. శోధన కొండ మీదే నాకు పట్టరాని కోపం వచ్చింది. అప్పుడు నల్లటి ముసుగు వేసుకున్న ఒక వృద్ధురాలు, ఏ దేశపు తల్లో తెలియదు, నా వెనుకనున్న వారికి చేయి అడ్డం పెట్టి, కనుసైగతో నన్ను ముందుకు పంపారు. ప్రార్థన ముగించి లేచేదాకా ఆ చేయి దించలేదు. బయటికి వచ్చాక తన సీసాలోని నీళ్లు నా దోసిట్లో పోసి, భుజం తట్టి వెళ్లిపోయారు.

వసారాలో నిలబడితే కింద యెరికో ఖర్జూర తోటలు, వాటి ఆవల యొర్దాను లోయ, ఇంకా ఆవల మసకమసకగా మోయాబు కొండలు కనిపించాయి. ఆ శోధనలో సాతానుకు యేసు ఇచ్చిన మూడు జవాబులూ, మోషే ఉపదేశాలున్న పాత నిబంధన గ్రంథమైన ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాలలోనివేనని చాలాకాలంగా తెలుసు. మోషే ఆ మాటలు పలికింది ఎదురుగా కనిపిస్తున్న ఆ మోయాబు దేశంలోనేనన్న సంగతి మాత్రం అక్కడ నిలబడినప్పుడే మనసుకు తట్టింది. నలభై సంవత్సరాల అరణ్యయాత్ర ముగింపులో ఇశ్రాయేలీయులకు చెప్పిన మాటలనే, నలభై దినాల ఉపవాసం తరువాత ప్రభువు తన ఆకలికి ఎదురు నిలిపాడు.

అపవాది, అంటే ఆ సాతాను, కూడా వాక్యమే ఎత్తాడు. దూతలు నిన్ను ఎత్తిపట్టుకొంటారంటూ 91వ కీర్తన చెప్పి, సింహాన్నీ భుజంగాన్నీ త్రొక్కుతావనే తరువాతి వచనం దగ్గరికి రాకుండా ఆగిపోయాడు. నాకు వచ్చిన శోధన కూడా అచ్చం అలాగే బైబిలు చేతపట్టుకొనే వచ్చింది. తాగుడు మానిన కొత్తలో నిద్రపట్టని రాత్రుల్లో, కడుపు జబ్బు నిమిత్తం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని పౌలు తిమోతికి రాశాడు కదా అన్న తలంపు పదేపదే వచ్చేది. తిమోతికి రాసిన ఆ లేఖ తెరిచి అధ్యాయం మొదటి నుండి చదివితే, ఆ వచనానికి సరిగ్గా ముందు పవిత్రునిగా ఉండుమన్న ఆజ్ఞ కనిపించింది. అప్పటినుండి విడి వచనాలు ఏరుకోవడం మాని, అధ్యాయాలకు అధ్యాయాలు కూర్చుని చదువుతున్నాను. ఉదయం చదివిన భాగం సాయంత్రపు దాహానికి అడ్డు నిలిచిన రోజులు చాలా ఉన్నాయి. ప్రార్థన ఒక్కటే చాలునని, చదువు పండితుల పని అని అనేవారితో నేను ఏకీభవించలేను.

అపవాది కొంతకాలమే విడిచిపోయాడని లూకా రాశాడు. ఆ రాత్రి హోటల్లో భోజనంతో పాటు అందరికీ ద్రాక్షారసం వచ్చింది. నేను నీళ్లు అడిగి, గదికి వెళ్లి ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం చివరిదాకా చదివాను. మనుష్యుడు రొట్టెవలన మాత్రమే జీవించడన్న మాట మూడవ వచనంలోనే వస్తుంది. తిని తృప్తిపొందాక మనస్సు మదించి, దాస్యంలోనుండి రప్పించిన దేవుని మరువవద్దన్న హెచ్చరిక దాని తరువాత చాలా దూరం సాగుతుంది. విడుదల పొందిన నాబోటివానికి ఈ రెండవ భాగమే ఎక్కువ అవసరం కాబట్టి, ఇప్పుడు దానినే కంఠస్థం చేస్తున్నాను.