నా మొదటి ఓటు, పదహారో ప్రతిపాదన

2008లో టెక్సస్ వచ్చాం. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాక ఏటా ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం, అందులో పెద్ద వాటా స్కూళ్లకే పోతుంది. స్కూల్ బోర్డు ఎన్నికలప్పుడు మా వీధి నిండా అభ్యర్థుల పేర్ల బోర్డులు. వాటిని చూసుకుంటూ పిల్లల్ని బడిలో దింపి వచ్చేదాన్ని. నాకు ఓటు లేదు. 2019లో గ్రీన్‌కార్డు వచ్చాకా లేదు.

2021లో డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్లాను. ఫారంలో ఓటరుగా నమోదవుతారా అని ఒక గడి ఉంది. కౌంటర్ దగ్గరాయన నా కార్డు చూడకుండానే, అన్నిటికీ టిక్కు పెట్టేయండి, పని త్వరగా అవుతుంది అన్నాడు. పెన్ను ఆ గడి మీద పెట్టాక పైనున్న ప్రశ్న కంటబడింది: మీరు అమెరికా పౌరులా? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గ్రీన్‌కార్డు మీదున్న తెలుగువాళ్లందరికీ చెబుతున్నాను, ఎవరు చెప్పినా ఆ గడిలో టిక్కు పెట్టకండి. పొరపాటున పెట్టినా పౌరసత్వం చిక్కుల్లో పడుతుంది, దేశం నుంచి పంపించేసే దాకా కూడా పోవచ్చు.

2024లో పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 నింపుతుంటే అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా? దాని కిందే ఒక వాక్యం: పౌరులు కానివాళ్లకు ఓటు హక్కున్న స్థానిక ఎన్నికలో చట్టప్రకారం వేసి ఉంటే 'లేదు' అని రాయొచ్చు. అప్పుడు మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది. అక్కయ్య ఉండేది మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్‌లో. ఆ ఊళ్లో 1992 నుంచి పౌరులు కానివాళ్లు కూడా నగర ఎన్నికల్లో ఓటేయొచ్చు. గ్రీన్‌కార్డు మీద ఉండగానే తను మేయర్ ఎన్నికలో ఓటేసింది.

అప్పట్లో ఇంటర్వ్యూలో పది ప్రశ్నల్లో ఆరు చెబితే సరిపోయేది. నాకు మొదటి ఆరూ వచ్చేశాయి. ఓటు సంగతి ఆఫీసర్ నోటితో కూడా అడిగింది. లేదండీ అని చెప్పేటప్పుడు ఆ లైసెన్స్ కౌంటరే కళ్ల ముందుంది. 2025 జూన్‌లో ప్రమాణం చేశాను.

టెక్సస్‌లో కొత్తగా ఓటరుగా చేరేవాళ్లకు మామూలుగా ఆన్‌లైన్ సదుపాయం లేదు. ఫారం ప్రింట్ తీసి, సంతకం పెట్టి, కౌంటీకి పోస్టులో పంపాను. నవంబర్ 4 ఎన్నికకు గడువు అక్టోబర్ 6. కార్డు సెప్టెంబర్‌లోనే వచ్చేసింది.

బ్యాలెట్‌లో 17 రాజ్యాంగ సవరణలున్నాయి. పదహారోది, ఓటరు అమెరికా పౌరుడై ఉండాలని రాష్ట్ర రాజ్యాంగంలో స్పష్టం చేయాలా అని. ఓటరు అర్హతల్లో పౌరసత్వం రాజ్యాంగంలోనూ, చట్టంలోనూ ఎప్పటినుంచో ఉంది. కొత్తగా, రాజ్యాంగంలో ఓటు వేయకూడనివాళ్ల జాబితాలోకి, మైనర్ల పక్కన, నిన్నమొన్నటి దాకా నాలా ఉన్నవాళ్లు చేరతారు.

ఇదే టెక్సస్ 1876 రాజ్యాంగం, పౌరసత్వం తీసుకుంటానని ప్రకటించిన విదేశీ మగవాళ్లకు ఓటిచ్చింది. 1919లో ఆ హక్కు తీసేసి ఆడవాళ్లకు ఓటివ్వాలని సవరణ పెడితే ఓడిపోయింది. దాని మీద ఆ విదేశీ మగవాళ్లు ఓటేయొచ్చు, ఆడవాళ్లు వేయకూడదు. చివరికి 1921లో పౌరసత్వం తప్పనిసరి చేశారు.

దేశ ఎన్నికలకు పౌరసత్వం ఉండాలంటే ఒప్పుకుంటాను. స్కూల్ బోర్డుకి మాత్రం, అక్కడ పిల్లలు చదువుతున్న తల్లి మాట ఎందుకు పనికిరాదు? పౌరులు కానివాళ్లు వేయకూడదని రాజ్యాంగంలోనే నిషేధంగా రాసేస్తే రేపు టెక్సస్‌లో ఏ ఊరూ టకోమా పార్క్‌లా చేయాలనుకున్నా దారుండదు. వద్దు అనే ఓటేశాను. సవరణ భారీ మెజారిటీతో నెగ్గింది.

ఆ రాత్రి ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఓటేశావా తల్లీ?" వేశానమ్మా అన్నాను. కాసేపాగి, "ఇక్కడి లిస్టులో నీ పేరు ఇంకా అలాగే ఉందే, నాన్న పక్కనే" అంది. ఫారం 7 పెట్టి తీయించమని నాన్నకి నేనే చెప్పాను.