పాత డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి: 63వ సెక్టార్ తిప్పలు

కోఠిలో మా బాబాయి పెయింట్ల దుకాణంలో ఒక పాత బిల్లింగ్ కంప్యూటర్ ఉంది. పొద్దున ఆన్ చేసి, బయటికెళ్లి చాయ్ తాగొచ్చినా డెస్క్‌టాప్ కనిపించదు. కొత్తది కొందామంటే వినడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేసిచ్చిన మనిషి ఇప్పుడు దొరకడు, దాని సీడీ కూడా లేదు. "ఏమన్నా చెయ్ రా, అది మాత్రం పోవద్దు" అన్నాడు. అంటే విండోస్ మళ్లీ కొత్తగా వేసే దారి లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఎస్‌ఎస్‌డీలోకి, అంటే తిరిగే డిస్కుకు బదులు ఫ్లాష్ చిప్‌ల మీద రాసే డ్రైవ్‌లోకి, దించాలి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే సీటీసీకి వెళ్లి 240 జీబీ శాటా ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. డిస్కు తెచ్చిస్తే అక్కడే క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) కొట్టిస్తామన్నారు. నేనే వద్దన్నాను. ఆ 160 జీబీ డిస్కు ఎక్స్‌పీ కాలంనాటిది. తర్వాత విండోస్ 7 వేసినప్పుడు పార్టిషన్ (డిస్కులో విండోస్‌కు కేటాయించిన భాగం) తీసేయకుండా దాని మీదే వేశారు. అలాంటి డిస్కును సెక్టార్‌కు సెక్టార్ (సెక్టార్ అంటే డిస్కులో ఒక చిన్న గడి) కాపీ చేస్తే పార్టిషన్ మొదలయ్యే చోటు కూడా అలాగే దిగుతుంది. నా అనుమానమంతా ఆ చోటు మీదే.

చూడటం తేలికే. రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి, కాంపోనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్ వరుసగా తెరిస్తే పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. అక్కడ 32,256 బైట్లని ఉంది. దాన్ని 4096తో భాగిస్తే 7.875. శేషం మిగిలిందంటే అలైన్‌మెంట్ తప్పినట్టే, అంటే పార్టిషన్ 4 కేబీ (4096 బైట్ల) హద్దు దగ్గర మొదలుకావట్లేదన్నమాట.

ఆ 32,256 అంటే 63 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు. తిరిగే డిస్కులను సిలిండర్, హెడ్, సెక్టార్ అని లెక్కపెట్టే రోజుల్లో ఒక ట్రాక్‌కు గరిష్ఠంగా 63 సెక్టార్లు. మొదటి ట్రాక్‌ను ఎంబీఆర్ (కంప్యూటర్ లేవగానే మొదట చదివే బూట్ రికార్డు) కోసం వదిలేసి, రెండో ట్రాక్ నుంచి పార్టిషన్ మొదలుపెట్టేవారు. ఎస్‌ఎస్‌డీలో ట్రాకులే లేవు. అందులో రాత పేజీల లెక్కన జరుగుతుంది, పేజీ 4 కేబీ, 8 కేబీ, 16 కేబీ ఇలా ఉంటుంది. పార్టిషన్ 63 దగ్గర మొదలైతే విండోస్ ఫైళ్లు దాచే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోని 4 కేబీ ముక్క (క్లస్టర్) ఒక్కోటీ రెండు ఇళ్ల మధ్య గోడ మీద కూర్చున్నట్టు 4 కేబీ హద్దుకు అటూ ఇటూ పడుతుంది. చిన్న రాతకు కూడా కంట్రోలర్ రెండు చోట్ల చదివి, మార్చి, తిరిగి రాయాల్సి రావచ్చు. వేగం తగ్గుతుంది, ఫ్లాష్ అరుగుదలా పెరుగుతుంది. ఈ బాధ రాకూడదనే విస్టా నుంచి విండోస్ కొత్త పార్టిషన్లను 2048వ సెక్టార్ దగ్గర, అంటే సరిగ్గా 1 ఎంఐబీ (1024 కేబీ) దగ్గర మొదలుపెడుతోంది. కాబట్టి ఖాళీ డిస్కు మీద విండోస్ వేసుకునేవాళ్లు ఇదంతా పట్టించుకోనక్కర్లేదు.

ముందు బిల్లుల డేటాను వేరే డిస్కులోకి కాపీ చేసి, డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపాను. తర్వాత విండోస్ లేకుండానే నడిచే పార్టిషన్ల ప్రోగ్రామ్ జీపార్టెడ్ లైవ్‌తో బూట్ చేశాను. ఎస్‌ఎస్‌డీ మీద ఎంఎస్‌డాస్ పార్టిషన్ టేబుల్ రాసి, పాత పార్టిషన్‌ను కాపీ చేసి, ఖాళీ జాగాలో పేస్ట్ చేశాను. పేస్ట్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలో 'అలైన్ టు' దగ్గర ఎంఐబీ అని ఉందో లేదో చూడాలి. సిలిండర్ అని పెడితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్ దీని నుంచే లేవాలని చెప్పే బూట్ ఫ్లాగ్ పెట్టాను. కాపీ సాగినంతసేపూ బాబాయి కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్ వైపే చూస్తున్నాడు. నిజానికి ఈ పద్ధతిలో పాత డిస్కు మీద ఏమీ రాయం, కరెంటు పోయినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఎంత చెప్పినా నమ్మలేదు.

పార్టిషన్ మొదలయ్యే చోటు మారింది కాబట్టి నేరుగా బూట్ కాదని తెలుసు. పాత డిస్కు కేబుల్ పీకేశాను. రెండూ ఉంటే విండోస్ డ్రైవ్ అక్షరాల దగ్గర తికమక పడుతుంది. విండోస్ 7 డీవీడీ పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ అనే కమాండ్‌తో ఎంబీఆర్ రాయించి, స్టార్టప్ రిపేర్ నడిపాను. రిపేర్‌ను ఇంకోసారి నడిపితే గానీ లేవలేదు, ఇది మామూలే.

లేచాక ఆఫ్‌సెట్ 10,48,576. 4096తో భాగిస్తే 256, శేషం లేదు. ఏఎస్ ఎస్‌ఎస్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్‌లోనూ పచ్చరంగులో 1024 కె - ఓకే అని చూపించింది. ఎఫ్‌ఎస్‌యుటిల్ అనే కమాండ్‌తో డిజేబుల్‌డిలీట్‌నోటిఫై విలువ అడిగితే 0 వచ్చింది, అంటే ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. చెదిరిన ఫైల్ ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ షెడ్యూల్ ఇంకా పాతదే ఉంటే ఆపేశాను. మిగిలిన ఖాళీ జాగాను సీ డ్రైవ్‌కే కలిపాను.

కంప్యూటర్ చకచకా లేవడానికి ముఖ్య కారణం ఎస్‌ఎస్‌డీనే, అలైన్‌మెంట్ కాదు. అది సరిగ్గా ఉంటే ఆ డ్రైవ్ పూర్తి పని చేస్తుంది, అంతే. పాత డిస్కును ఈ నెల లెక్కలు తేలేదాకా చెరపొద్దని బాబాయికి చెప్పాను. "అసలు చెరిపేదే లేదు" అని బీరువాలో పెట్టుకున్నాడు.