అమ్మానాన్నల గ్రీన్‌కార్డు: పిటిషన్ కంటే ముందు ఊళ్లో చక్కబెట్టాల్సిన కాగితాలు

తల్లిదండ్రులకి పిటిషన్ వేయాలంటే మీరు అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండి ఉండాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే కుదరదు. అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి వేసే కేసుల్లా ఏళ్ల తరబడి వరస ఉండదు. అయితే ఈ పిటిషన్ ఫారం పేరు ఐ-130; అమ్మకొకటి, నాన్నకొకటి విడివిడిగా వేయాలి. 2024 ఏప్రిల్ నుంచి ఒక్కోదానికి ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675.

ఫారం నింపడం ఒక సాయంత్రం పని. ఆలస్యమయ్యేది పాత కాగితాల దగ్గరే.

అమ్మ కేసుకి మీ బర్త్ సర్టిఫికెట్‌లో ఆమె పేరుండాలి. నాన్న కేసుకి దాంతోపాటు వాళ్లిద్దరి పెళ్లి సర్టిఫికెట్టూ కావాలి. ఆ రోజుల్లో పెళ్లి రిజిస్టర్ చేయించినవాళ్లు ఎంతమంది? ఇప్పుడైనా హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్ కార్డులు, సాక్షులు సిద్ధం చేసుకోవాలి. దంపతులిద్దరూ స్వయంగా వెళ్లాలి కాబట్టి, ఓపికున్నప్పుడే ఆ పని కానిచ్చేయడం మంచిది.

మీ బర్త్ సర్టిఫికెట్ కూడా ఒకసారి తీసి చూడండి. బారసాలకి ముందే నమోదైతే పేరు గడి ఖాళీగా ఉంటుంది. నమోదు చేసిన మున్సిపాలిటీ లేదా పంచాయతీలోనే పేరు చేర్పించాలి. పుట్టిన ముప్ఫై ఏళ్లకి నమోదు చేయించి అదొక్కటే జతచేస్తే, మరిన్ని ఆధారాలు అడుగుతూ ఆర్‌ఎఫ్‌ఈ వచ్చే అవకాశం ఎక్కువ. పదో తరగతి మెమో, టీసీ, పెద్దవాళ్ల అఫిడవిట్లు ముందే జతచేయండి. అఫిడవిట్ ఇచ్చేవాళ్లు మీరు పుట్టేనాటికి ఆ సంగతి తెలిసే వయసులో ఉండాలి. మీకంటే చిన్నవాడైన బాబాయి కొడుకు సంతకం ఎందుకూ పనికిరాదు. తమ పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, మీకేమవుతారు, మీ పుట్టుక గురించి తమకెలా తెలుసు అన్నవన్నీ అందులో రాయాలి.

తర్వాత ఎన్‌వీసీ (నేషనల్ వీసా సెంటర్) దశలో అమ్మానాన్నల సొంత బర్త్ సర్టిఫికెట్లు అడుగుతారు. జనన మరణాల నమోదు చట్టం 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు పుట్టినవాళ్లకి చాలాచోట్ల రికార్డే ఉండదు. పుట్టిన ఊరి అధికారుల దగ్గర నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, బడి రికార్డు, అఫిడవిట్లు కలిపి పెట్టాలి. బళ్లో చేర్పించిన రోజు అయ్యవారు ఉజ్జాయింపుగా వేసిన జూలై 1 ఒకటి, ఇంట్లో చెప్పుకునే తిథి ఇంకొకటి ఉంటాయి. పాస్‌పోర్ట్‌లో ఏ తేదీ ఉందో అన్నిచోట్లా అదే రాయండి. నిజాయతీ కొద్దీ అసలు తేదీ ఒక్కచోట రాశారా, రెండు తేదీలూ తగాదాకొస్తాయి.

పేర్ల గొడవ ఇంకా పెద్దది. అమ్మ బడి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో అత్తింటిది, మీ బర్త్ సర్టిఫికెట్‌లో ఉత్త 'సీతమ్మ' అని ఉంటుంది. ఐ-130లో వాడిన ఇతర పేర్ల గడిలో అన్నీ రాసి, అన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ జతచేయాలి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే మాత్రం ముందే రీఇష్యూ చేయించండి. లేకపోతే వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. గ్రీన్‌కార్డు, బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు అన్నిట్లోనూ ఆమె 'ఎఫ్‌ఎన్‌యూ'గారే అవుతుంది.

ఐ-130 ఆమోదం పొందాక వీసా దరఖాస్తు డీఎస్-260 నింపాలి. ఫీజు ఒక్కొక్కరికి 325 డాలర్లు. వాళ్ల పోషణకి మీరు పూచీ ఇచ్చే ఫారం ఐ-864లో మీ ఆదాయం, కొత్తగా వచ్చేవాళ్లనీ లెక్కేసుకుని, పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. తగ్గితే మీతోపాటు పూచీ ఇచ్చే జాయింట్ స్పాన్సర్‌ని చూసుకోవాలి. లేదా లోటుకి అయిదు రెట్ల ఆస్తి చూపాలి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) తేవాలి. నాన్న గల్ఫ్‌లో ఏడాదో అంతకన్నా ఎక్కువో ఉండి వస్తే ఆ దేశపు పోలీసు సర్టిఫికెట్టూ కావాలి. ఇది తెచ్చుకోవడానికి టైం పడుతుంది, ముందే మొదలుపెట్టండి. ఇంటర్వ్యూ ముంబైలోనో ఢిల్లీలోనో ఉంటుంది; హైదరాబాద్ కాన్సులేట్‌లో కాదు. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపిస్తే కఫం కల్చర్‌కి పంపుతారు. ఫలితానికి రెండు నెలల దాకా పట్టొచ్చు కాబట్టి మెడికల్ ఆఖరి వారానికి పెట్టుకోవద్దు.

విజిటర్ వీసా మీద రప్పించి ఇక్కడే గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 వేసేద్దాం అనుకునేవాళ్లు చాలామంది. ఉండిపోవాలన్న ఉద్దేశం దాచి విజిటర్‌గా దిగడం తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. పైగా ఐ-485 నడుస్తుండగా ఊళ్లో పెళ్లో చావో వస్తే అడ్వాన్స్ పెరోల్ (వెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా వెళ్లకూడదు. వెళ్తే దరఖాస్తు రద్దయిపోతుంది.

అసలు వాళ్లు ఏడాదిలో ఎన్నాళ్లు ఇక్కడుంటారో అడిగి తెలుసుకోండి. పొలం, ఇల్లు చూసుకోవడానికి వెళ్లి ఆరు నెలలు దాటితే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు తప్పవు. ఏడాది దాటితే కార్డొక్కటే చూపి రావడం కుదరదు. అంతకాలం ఉండాల్సొస్తుందని తెలిస్తే రీఎంట్రీ పర్మిట్ కోసం ఐ-131 అమెరికాలో ఉండగానే వేసి వెళ్లాలి. అది రెండేళ్ల దాకా ఇస్తారు.