గుమ్మడి పిందె రాలిపోతుంటే యూరియా వేయకండి

గుమ్మడి గింజ మొలవడం, తీగ అల్లుకోవడం కష్టమేమీ కాదు. కాయ నిలవడమే కష్టం. నిమ్మకాయంత పిందె పండుబారి రాలిపోగానే చాలామంది బలం చాలలేదనుకుని యూరియా వేస్తారు. నత్రజని ఎక్కువైతే ఆకూ తీగా ఏపుగా పెరుగుతాయి, ఆడపూలు ఇంకా తగ్గుతాయి. పెరటి పాదులో పిందె రాలుతోందంటే, ఎక్కువగా దానికి పుప్పొడి అందలేదనే అర్థం.

జూన్-జులైలో గానీ, డిసెంబరు-జనవరిలో గానీ విత్తుకోవచ్చు. స్థలం తక్కువైతే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) వారి అర్క సూర్యముఖి రకం మంచిది, కాయ కిలో వరకే పెరుగుతుంది. అడుగున్నర గుంతలో 5 కిలోల చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి, అంగుళం లోతున మూడు గింజలు పెట్టండి. వారానికి మొలుస్తాయి. రెండు మూడు ఆకులు తొడిగాక బలమైన మొక్క ఒక్కటే ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే ఉంచిన మొక్క వేళ్లు కదులుతాయి. పాదుకీ పాదుకీ ఆరడుగులైనా ఎడం కావాలి. లేత ఆకులను ఎర్ర పెంకు పురుగు జల్లెడ చేస్తుంది. పొద్దున్నే చేత్తో ఏరేయాలి, అప్పుడైతే మందకొడిగా ఉంటుంది.

ముందు మగపూలే వస్తాయి, రాలిపోతాయి. అది సహజం. తర్వాత వచ్చే ఆడపువ్వు కింద చిన్న గుండ్రని పిందె ఉంటుంది. పూలు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి కాబట్టి చేత్తో పుప్పొడి అంటించే పని ఉదయం 6 నుంచి 8 గంటల మధ్యే ముగించాలి. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకలు తుంచి, నడుమ ఉన్న పుప్పొడి కాడను ఆడపువ్వు నడుమ ఉండే కీలాగ్రానికి (పుప్పొడిని అందుకునే భాగానికి) సున్నితంగా రుద్దండి. కీలాగ్రం తమ్మెలన్నిటికీ, అంటే దాని విడివిడి భాగాలన్నిటికీ పుప్పొడి అంటాలి, ఒకవైపే అంటితే కాయ వంకర తిరుగుతుంది. వాన పడే పొద్దుల్లో తేనెటీగలు రావు, అప్పుడు ఈ పని తప్పనిసరి. పూత మీదున్నప్పుడు పురుగుమందు కొట్టడమంటే తేనెటీగల్ని మనమే తరిమేయడం.

పుప్పొడి అందినా పిందె కుళ్లుతుంటే కోసి చూడండి. లోపల తెల్లని పురుగులుంటే అది పండు ఈగ పని. అలాంటి పిందెలన్నీ ఏరి లోతుగా పూడ్చాలి. పాదు దగ్గరే పారేస్తే ఆ పురుగులు మట్టిలో ప్యూపాలై (గూడు దశకు చేరి) మళ్లీ ఈగలొస్తాయి. బూడిద తెగులు కనిపించినా గంధకం మాత్రం చల్లకండి, గుమ్మడి ఆకులు మాడిపోతాయి.

తొడిమ ఎండి, తొక్కలో గోరు దిగనప్పుడు రెండంగుళాల తొడిమతో కోసి, గాలాడే చోట దాచుకోండి.