మంగళవారం, పళ్ళ డాక్టరు దగ్గర

మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. కింది పెదవి సగం నాది కానట్టుంది. కాఫీ తాగబోతే గడ్డం మీదికి కారింది. మా ఆవిడ తువ్వాలు చేతికిచ్చి నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. మాట్లాడితే నత్తి వస్తోంది కాబట్టి రాయడానికి కూర్చున్నాను.

దీనికంతటికీ కారణం కలకండ. కొండమీద నుంచి వచ్చిన బంధువులు ఇచ్చిన లడ్డూ తింటుంటే ఒక పలుకు నేరుగా ఎడమ కింది దవడ పన్ను మీద పడింది. టక్కుమని అంచు లేచిపోయింది. తిరుపతిలో పుట్టి పెరిగినవాడిని, ప్రసాదం తిని పన్ను విరగ్గొట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటాం? అయితే కలకండ తప్పేమీ లేదని ఇవాళ ఎక్స్‌రే చూశాక తేలింది. రెండు దవడ పళ్ళు ఆనుకునే సందులో, బ్రష్షు దూరని చోట, పిప్పి ఎప్పటినుంచో లోపలికి తొలుచుకుంటూ పోయింది. పంటి పై పొర ఎనామెల్ మాత్రం చెదలు తిన్న దూలం మీది రంగులా నిగనిగలాడుతూ నిలబడింది. ఎనామెల్‌లో నరాలు ఉండవు. అందుకే అది కరిగిపోతున్నా మనకు కబురు అందదు. దాని కింది పొర డెంటిన్ దాకా వస్తేనే చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. ఇంకా లోపలి గుజ్జును తాకితే ఫిల్లింగుతో పోదు, రూట్ కెనాల్ దాకా వెళుతుంది. నాది గుజ్జుకు కాస్త ఇవతలే ఆగిందట.

అమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. పుత్తూరు దగ్గర తన ఊరి నుంచి పండక్కి వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. కింది ముందుపళ్ళలో రెండింటికి చిగురు దగ్గర గోధుమరంగు గుంతలు పడ్డాయి. వాటికి తన వైద్యం తనకుంది: లవంగ నూనె, దూది. డాక్టరు అనగానే "పీకేస్తారు" అని ఒకటే మాట. ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో ఉన్న ఆ క్లినిక్ మెట్లు ఎక్కేదాకా బతిమాలుతూనే ఉన్నాను.

లోపల బెంచీ మీద ఒకాయన గుండుకు చందనం పూసుకుని, చెంప పట్టుకుని కూర్చున్నాడు. వరంగల్ నుంచి కుటుంబంతో వచ్చారట. రాత్రికి దర్శనం, రేపు రైలు. మధ్యలో ఈ పన్ను. మా ఊరి పళ్ళ డాక్టర్లకు ఇలాంటివాళ్లు కొత్త కాదు. ఆయన్ను ముందు పంపించాం. పదిహేను నిమిషాల్లో చెంప మీద చెయ్యి తీసేసి బయటికొచ్చాడు. జింక్ ఆక్సైడ్ పొడిని లవంగ నూనెతో కలిపిన తాత్కాలిక సిమెంటు పెట్టారట. లవంగాల్లో ఉండే యూజినాల్ నొప్పిని జోకొడుతుంది. ఊరెళ్లాక అసలు వైద్యం చేయించుకోవాలి. ఆ మాట వినగానే అమ్మ నా వైపు చూసిన చూపు చూడాలి! తన లవంగ నూనెకు ప్రభుత్వ ముద్ర పడ్డంత గర్వం.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఓపిక ఎక్కువ. నేను కుర్చీలో వెనక్కి వాలుతూనే, "అన్నిటికన్నా మంచిది ఏదో అదే పెట్టండి మేడమ్" అన్నాను.

"ఏ పన్నుకు సార్?" అంది.

రోజంతా ఈ ప్రశ్నే నా బుర్రలో తిరుగుతోంది. మనం మందును అడుగుతాం, వాళ్లు చోటును చూస్తారు. నమిలే ఒత్తిడి అక్కడ ఎంత, ఉమ్ము తగలకుండా ఆపగలరా, గుంత చిగురు కిందికి దిగిందా, ఆ మనిషి పళ్ళు ఎంత త్వరగా పుచ్చుతాయి. ఇవి తేలాకే డబ్బా మూత తీస్తారు.

నా కుడివైపు దవడలో చదువుకునే రోజుల్లో చిత్తూరులో పెట్టించిన వెండి ఫిల్లింగు ఒకటుంది. అప్పటి డాక్టరు చిన్న గాజు కల్వంలో లోహపు పొడి, పాదరసం వేసి నూరి, గుడ్డలో వేసి పిండటం నాకు గుర్తే. వెండి అంటాం గాని అందులో బరువుకు దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. దాన్ని అమాల్గమ్ అంటారు. అది పంటికి అతుక్కోదు. అందుకే గుంతను అడుగున వెడల్పుగా తొలిచి, మంచి పన్నును కూడా కొంత బలి ఇచ్చి, ఇరుక్కుని ఉండేలా కూరేవారు. తడి తగిలినా సర్దుకుపోతుంది, నమలడానికి మొండి. నాది నల్లబడిందే తప్ప కదల్లేదు.

"పాదరసం కదా, ఇది కూడా తీసేయండి" అన్నాను. అమ్మాయి వద్దంది. అంచులు బాగున్నాయి, కింద పిప్పి లేదు. గట్టిపడిన ఫిల్లింగు నుంచి వచ్చే ఆవిరి చాలా స్వల్పం. తొలిచి తీసేటప్పుడే ఎక్కువ వస్తుంది, పైగా చుట్టూ ఉన్న మంచి పన్ను కొంత పోతుంది. అలా అని తను కొత్తగా ఎవరికీ అది పెట్టడం లేదట. జపాన్‌లోని మినమాటాలో ఒక ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల్లోకి చేరి నరాలను దెబ్బతీసింది. ఆ జబ్బు 1956లో బయటపడింది. అది మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు రకం, ఫిల్లింగులోది వేరు. అయినా ఆ ఊరి పేరుతోనే 2013లో పాదరసం వాడకంపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2018లో మన దేశమూ అందులో చేరింది. పదిహేనేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గమ్ వాడకూడదన్న నిర్ణయం 2022లో వచ్చింది. ఐరోపా సమాఖ్య 2025 మొదటి నుంచి దాదాపు పూర్తిగా ఆపేసింది. నోట్లో ఉన్నదానికన్నా, డ్రైనేజీలోకీ శ్మశానపు పొగలోకీ పోయేదాని గురించే ప్రపంచానికి ఎక్కువ బెంగ. నాకూ అదే సబబు అనిపించింది.

విరిగిన పన్నుకు కాంపోజిట్ వేశారు. రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంలో గాజు పొడి దట్టించిన, పన్ను రంగులో ఉండే ముద్ద అది. దాన్ని ఏదో మైనంలా అద్ది పంపించేస్తారనుకున్నాను. తొలవడం కన్నా ఆ తరువాతి తతంగమే పెద్దది. ముందు రబ్బరు పలకకు చిల్లు పెట్టి, అందులోంచి పన్ను ఒక్కటే బయటికి వచ్చేలా బిగించింది. ఊపిరి తేమ కూడా తగలకూడదట. పక్క పన్నుకు అంటుకోకుండా సన్నటి లోహపు పట్టీ, దాన్ని బిగించడానికి అగ్గిపుల్ల ముక్కంత చెక్క మేకు. తరువాత నీలిరంగు యాసిడ్ పూసి కొద్ది సెకన్లు ఆగి కడిగేసింది. ఎనామెల్ గరుకెక్కి సుద్దలా తెల్లబడింది. ఆ సూక్ష్మమైన గరుకులోకే జిగురు దిగి పట్టుకుంటుంది. లోహానికి రంగు బాగా అంటాలని ఫ్యాక్టరీల్లో యాసిడ్ పూయడం చూసి, పంటికీ అదే పని చేస్తుందని 1955లో బ్యూనోకోర్ అనే అమెరికా దంతవైద్యుడు చూపించాడట. పళ్ళ వైద్యం పెయింటర్ల దగ్గర పాఠం నేర్చుకుందన్నమాట. నాకైతే ఇది తెలిశాక నోరు తెరిచి కూర్చున్నంతసేపూ విసుగనిపించలేదు.

జిగురు పూశాక ముద్దను రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి, ఒక్కో పొర మీద నీలం దీపం వేసింది. మొత్తం ఒకేసారి కూరేస్తే వెలుగు అడుగుదాకా పోదు, పైన గట్టిపడి కింద పచ్చిగా ఉండిపోతుంది. గట్టిపడేటప్పుడు అది కాస్త ముడుచుకుంటుంది కూడా. ముడుచుకుని గోడ నుంచి విడిపోతే ఆ సన్న సందులోనే మళ్లీ పిప్పి మొదలవుతుంది. పొర, దీపం, పీప్ మని చప్పుడు. మళ్లీ పొర. చివర్లో నీలం కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్నచోట అరగదీసింది. పెద్ద గుంతల్లో ఇది అమాల్గమ్ అంత కాలం రాకపోవచ్చని దాచకుండా చెప్పింది. పంటి మొనలు కూడా పోయి ఉంటే సిరామిక్ ముక్క చేయించి అతికించాల్సి వచ్చేదట. అంత దూరం పోలేదు.

అమ్మ సంగతి వేరు. చిగుళ్ళు కిందికి జారి పంటి వేరు బయటపడింది. వేరుకు ఎనామెల్ కవచం లేదు, కాబట్టి తక్కువ పులుపుకే కరిగిపోతుంది. బీపీ మాత్రలతో నోరు ఎండిపోతుంది, ఉమ్ము కడగాల్సింది కడగదు. "అవ్వా, రోజంతా బుగ్గలో ఏం పెట్టుకుంటావు?" అని డాక్టరు అడిగితే, "వక్క తప్ప ఇంకేమీ లేదమ్మా" అంది అమ్మ. పటికబెల్లం సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. తడిగా ఉండే ఆ చిగురంచున కాంపోజిట్ సరిగా పట్టదు. అక్కడికి గ్లాస్ అయానమర్ సిమెంటు. గాజు పొడి, ఒక రకం యాసిడ్ కలిస్తే అదే గట్టిపడుతుంది, పంటిలోని కాల్షియంతో నేరుగా బంధం వేసుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. పిల్లల పాలపళ్ళకు కూడా ఇది వాడతారు. నా దవడలో పెడితే మాత్రం త్వరగా అరిగిపోతుంది. లండన్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో విల్సన్, కెంట్ అనేవాళ్లు చేసిన సిమెంటు ఇది, 1972లో లోకానికి తెలిసింది. అమ్మకు సూది కూడా పడలేదు.

బిల్లు దగ్గర గొడవ. నా ఒక్క పన్నుకు అయినదానిలో సగం కూడా తన రెండింటికీ కాలేదు. "నాకేదో నాసిరకం పూసినట్టున్నారు, ఆ నీలం దీపం కూడా వేయలేదు" అని ఆటోలో కొర్లగుంట దాకా సణుగుతూనే ఉంది. ఆ సిమెంటు ఎక్కడ పుట్టిందో నాకున్న నత్తితోనే చెప్పాను. వెంటనే సణుగుడు ఆగింది.

ఇప్పుడు పక్క గదిలోంచి చిన్నమ్మతో ఫోనులో మాట్లాడటం వినబడుతోంది. "వాడికి ఏదో ముద్ద పెట్టి దీపం చూపించారులే. నాకు మాత్రం లండన్ సిమెంటు."